అంట

నర్సంపేట బస్టాండ్ల సాయంత్రం ఐదున్నర బస్సు.
డ్రైవర్ సీటు వెనక సందుల
నా ఖాకీ కవరు,
మీద ఎర్ర స్కెచ్చుతోటి ‘వార్తలు, అర్జెంట్’.
లోపట రెండు అరఠావులు:
ఒక మోటరు కాలిన సంగతి, ఒక పాము కాటు,
మార్కెట్ యార్డుల కాంటా మోసం.

హన్మకొండ డెస్కుల మొగిలి సారు
చెవి మీది పెన్ను తీసి
కాంటా వార్త కాడ ఆగేటోడు.
ఆ రాత్రి ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసిండు.
బూతు పిల్లగాడు ఉరికొచ్చి నన్ను లేపిండు.

‘‘బస్తాకు రెండు కిలోలు కొడుతున్నరంట అని రాసినవ్.
ఈ అంట ఎవరిది?’’
‘‘అందరు అంటున్నరు సార్.’’
‘‘అందరికి ఇంటిపేరు ఉంటదా?
పో. కాంటా కాడ నిలవడు. చూసినంక అంట కొట్టేసి రాయి.
చూడకుంటె వార్తే కొట్టేయ్.’’

మూడు రోజులు నిలవడ్డ.
మిర్చి ఘాటుకు తుమ్మి తుమ్మి కండ్లు వాచినయ్.
నాలుగో రోజు దొరికింది,
రాళ్ల పళ్లెం కింద అతికిచ్చిన ఇనుప బిళ్ల,
నా అరచెయ్యంత.
వార్త పడ్డది. ఒక్క అంట లేదు దాంట్ల.
ఆ కాయితం ముక్క
ఇప్పటికీ పాత పాసుబుక్కుల ఉన్నది.

ఐదున్నర బస్సు ఇంకా పోతనే ఉన్నది గని
నా వార్త దాంట్లెక్కదు.
మొగిలి సారు పోయి ఆరేండ్లు.
డెస్కున్న మేడ మీద చీరలమ్ముతున్నరు.
నాకొక చానల్ ఉన్నది అరచేతిల.
విలేకరిని నేనే, డెస్కు నేనే,
ఎర్రపెన్ను సుత నేనే,
సిరా పొయ్యక ఎన్నేండ్లాయెనో.

ఏ మాట కాడ వేలు ఆగుతదో నాకెరికే.
‘దాస్తున్నరు’ అంటె ఆగుతది.
‘మనోళ్లకు’ అంటె నమ్ముతది.
‘తప్పక పంపండి’ అంటె
తన సొంత ఆలోచన లెక్క పంపుతది.
నమ్మిచ్చుడు సుత నాట్లేసినట్టే,
చెయ్యంగ చెయ్యంగ చెయ్యి తిరుగుతది,
నడుమే వంగిపోతది.

మొన్న హోలి ముంగట చెడగొట్టు వాన.
ఎవరో పంపిన వీడియో, నలభై సెకన్లు:
ఒక హమాలీ, వీపు మీద మిర్చి బస్తా, ఉరుకుతుండు.
వెనక ఒక ఆడమనిషి చెయ్యి ఊపుకుంట ఒర్రుతుంది.
ఏమంటుందో గాలిల వినవడది.
నేను రాసిన:
‘రైతు చెమటను ఎత్తుకపోతున్న దొంగ!’
దొంగంట అని కొట్టిన ముందుగాల.
అంటకు వేలు ఆగదని
తీసేసిన.

నడిరాత్రికి నలభై వేల మంది.
తెల్లారి యార్డు గేటు కాడ
బానోతు ద్వాలి నా అంగి పట్టుకున్నది.
బస్తా ఆమెదే.
‘‘తడుస్తయి బిడ్డా, షెడ్డులకు ఉరుకు, ఉరుకు అని
నేనే గద ఒర్రింది!’’
సవరణ పెట్టిన.
నూట పన్నెండు మంది చూసిండ్రు.
అండ్ల ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టిండ్రు.

సిలువేరు నర్సింగం అతని పేరు.
పదకొండు రోజులాయె యార్డు మొఖం చూడక.
అడుక్కుంట అడుక్కుంట ఇల్లు పట్టుకున్న.
గోడ మేకుకు బస్తాల కొక్కెం,
మొన మీద ఎర్రటి దుమ్ము.
మంచం మీద అటు మళ్లి పండుకొని ఉన్నడు.
అతని భార్య చాట పక్కకు పెట్టి
నా కాళ్ల నుంచి నా మొఖం దాక చూసింది.

‘‘నువ్వే రాసినవంట?’’

వాడకట్టంత ఆమెకు చూపెట్టిన్రు,
నా పేరు, నా ఫొటో, నా చానల్ గుర్తు.
అయినా
ఒక అంట ఉంచింది నాకు,
కాదంటె బయట పడేటంత సందు.

‘‘రాసిన’’ అన్న.

మంచం కిర్రుమన్నది.
నర్సింగం ఇటు మళ్లిండు.