ఎర్రదీపం మార్చేవాడు

నేను ఒక్క పాటా ఎంచలేదు.
నా పని టవరు కొసన ఎర్రదీపం మార్చడం.
మూడువందల పది అడుగులు,
నడుముకి తోలుపట్టా,
జేబులో కోడిగుడ్డులా బల్బు.
నేనెక్కినంతసేపూ ట్రాన్స్‌మిటర్ కట్టేసేవారు.
ఆ ముప్పావుగంట హోలుబ్ ఊరంతటికీ మూగనోము.
కింద నెబ్రాస్కా, ఎటు చూసినా మొక్కజొన్న.

అరవై ఎనిమిదిలో పోల్కా.
ఓల్డ్రిచ్ కుచేరా అకార్డియన్ రికార్డు వేసి,
పందుల ధర చెప్పి,
పోయినవాళ్ళ పేర్లు చెక్ భాషలో చదివేవాడు.
మా అమ్మ రొట్టెపిండి పిసకడం ఆపి వినేది.
పోల్కా కోసం కాదు.

డెబ్బై ఆరులో ఒమాహా ఓనరు,
పాకంలో ముంచిన వయొలిన్లు.
పళ్ళ డాక్టరు దగ్గర కూచున్నట్టుండేది ఊరు.
కుచేరాని ఆదివారం ఆరింటికి నెట్టారు,
తరవాత ఐదింటికి,
తరవాత ఇంటికి.

ఎనభై మూడులో రాక్.
గులకరాళ్ళు నములుతున్నట్టు మాట్లాడే కుర్రాడు
తనని తాను తోడేలన్నాడు.
అసలు పేరు డ్వేన్. లూథరన్ పాస్టరుగారి రెండోవాడు.

తొంభై ఒకటిలో కంట్రీ.
దానికి ముందు రెండు రోజులూ రైలు కూత ఒక్కటే వేశారు,
జనం చెవులు రిక్కించాలని వ్యాపారం కిటుకు.
షెరీఫుకి నలభై ఫోన్లు.
మా పక్కింటి అల్విరా నైట్‌గౌన్లోనే
పట్టాల దాకా నడిచి వెళ్ళింది.
ఆ పట్టాలు పీకేసి అప్పటికి పదేళ్ళు.
ఆ వారమే పాత రికార్డులు చెత్తడబ్బాలో పోస్తుంటే
నేను పికప్పు తెచ్చుకున్నాను.
దొంగతనం కాదు.
పారేసింది ఎత్తుకెళ్తే ఏమంటారో
నాకు తెలీదు.

తరవాత కోపం.
వేరే రాష్ట్రంలో కూచుని ఎవడో
రోజుకి పన్నెండు గంటలు మా తరఫున కోప్పడేవాడు.
తరవాత కొన్నాళ్ళు దేవుడు.
తరవాత ఎవరూ లేరు,
గదిలో ఒక పెట్టె, దానికో ఫ్యాను.
సుడిగాలి పెట్రోలు బంకు పైకప్పు ఎగరేసుకుపోయిన రాత్రి
ఆహ్లాదకరమైన సాయంత్రం అంది ఆ పెట్టె.

మాంసం ఫ్యాక్టరీకి గ్వాటెమాలా నుంచి, మెక్సికో నుంచి
మనుషులొచ్చారు. స్టేషను స్పానిష్ అయింది.
ఊళ్ళో చాలామంది రేడియోలు కట్టేశారు.
నేనూ కట్టేశాను, అబద్ధమెందుకు.

ఆ అక్టోబరులో దీపం మార్చి దిగాను.
ఒదీలియా మీట నొక్కింది.
అకార్డియన్.
ఒకటి బరువు, ఒకటి తేలిక,
ఒకటి బరువు, ఒకటి తేలిక.
మోకాళ్ళింకా వణుకుతున్నాయి,
మడమ మాత్రం నన్నడక్కుండా తాళం వేసింది.
ఆ పిల్ల చూసింది.

మర్నాడు పెట్టె మోసుకెళ్ళాను.
గీతలు పడ్డ కుచేరా రికార్డు
తన పాటల మధ్యలో ఏమీ చెప్పకుండా వేసింది.
రెండు ఫోన్లొచ్చాయి.
ఒకటి ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు నుంచి:
ఆ బ్యాండుది ఏ రాష్ట్రం? ఇంకోటి వెయ్యి.
రెండోది వృద్ధాశ్రమం నుంచి,
తొంభై మూడేళ్ళ వ్లాస్తా.
ఏమంటోందీ అని ఒదీలియా ఫోను నాకిచ్చింది.

ఎవరు పోయారని అడుగుతోంది, అన్నాను.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికి
పందుల ధర తరవాత పేర్లు చదువుతుంది,
వాళ్ళవీ మావీ కలిపి.
మొన్న మార్చిలో వ్లాస్తా పేరు.

దీపం ఎల్ఈడీది పెట్టారు,
పదిహేనేళ్ళు చూసుకోనక్కర్లేదట.
నా పేరు ఆవిడే చదవాల్సొస్తుంది.
వొండ్రా అని పలకడం నేర్పుతున్నాను.
ఆ నోట్లో వ కాస్తా బ అవుతుంది.
బొండ్రా,
మళ్ళీ చెప్పమంటే మళ్ళీ బొండ్రా.
పోనీలే.