ఆరున్నొకటి

అంబాజీపేట కొట్లో మా ఆయన కాయలు లెక్కపెడుతుంటే
పక్క కొట్టు గుమాస్తా తన లెక్క మర్చిపోయేవాడు.
ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు.
లాభం, రెండు, మూడు...
ఆరు దాటితే ఏడు అనేవాడు కాదు,
ఏడు అంటే ఏడవమన్నట్టట.
ఆరున్నొకటి. ఎనిమిది.

కాలవ గట్టు మలుపులో
ఇసుక లారీ మోపెడ్ని పక్కకి తోసింది.
ఒంటిమీద గీత పడలేదు. తల ఒక్కటే, అదీ లోపల.
కాయనైతే చెవి దగ్గర ఊపి చెప్పేవాడు
నీళ్ళున్నాయో, కుళ్ళిందో.
ఈ తలని ఎవరు ఊపి చెప్తారు?

కాకినాడ బోర్డు డాక్టర్లు అరవై శాతం పోయిందని రాశారు.
మిగతా నలభై ఇంట్లో ఎక్కడుందో
మూడేళ్ళుగా వెతుకుతున్నాను.
అన్నం మాడినా ముక్కుకి తెలీదు.
నన్ను పట్టుకుని
చచ్చిపోయిన వాళ్ళక్క పేరుతో పిలుస్తాడు.
కంచం విసిరేసి, తన చేతులకేసి చూసుకుని
ఎవరు విసిరారే, అంటాడు భయంగా.
సర్టిఫికెట్లో వీటికి గడి లేదు.

కూలికి రుజువేదీ, అన్నాడు కంపెనీ వకీలు.
షావుకారు కాగితం ఇవ్వనన్నాడు, లేనిపోని పన్నులొస్తాయని.
అరచేతులు చూడండి బాబూ అన్నాను,
పీచు వలిచి వలిచి కాయలు కాసిన చేతులు.
తీరా చూస్తే
ఈ మూడేళ్ళలో ఆ కాయలూ రాలిపోయాయి,
పసిపిల్లాడి చేతుల్లా ఉన్నాయి.

అమలాపురంలో లోక్ అదాలత్ రోజు
మేం ఇరవై రెండు లక్షలడిగాం.
ఆఫీసరు కాలిక్యులేటర్ నొక్కి, ఏడు, అన్నాడు.

గోడ మీద బల్లిని చూస్తూ కూచున్న మనిషి
తలెత్తాడు.
"ఏడనకూడదండి. ఆరున్నొకటి."

ప్రమాదం తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన
మొదటి సరైన అంకె.
లేచి వాటేసుకుందామనిపించింది.
వకీలు అప్పటికే అంటున్నాడు,
చూశారా, లెక్కలు బానే వస్తున్నాయి.
మా ప్లీడరు బల్ల కింద నా మోచెయ్యి నొక్కాడు: నవ్వకు.

"ఆ తర్వాతెంత, లోవరాజూ?"
జడ్జిగారమ్మ మెల్లగానే అడిగింది.
చెప్పు దేవుడా, అనుకున్నాను.
చెప్పకు దేవుడా, అనీ అనుకున్నాను.
రెండూ నేనే.

ఆయన వేళ్ళు విప్పి, ముడిచి, మళ్ళీ విప్పి
"లాభం" అన్నాడు.
కాసేపాగి
"లాభం."

గుమాస్తా కలం ఆపాడు.
దీన్నేమని రాయమంటారండీ, అన్నాడు.