మాటు

ఖొరోగ్ నుంచి ముర్గాబ్‌కి
మూడొందల పది కిలోమీటర్లు,
ఎనిమిది గంటలు అంటోంది ఫోను.
నెక్‌ఖదమ్ అత్త దాన్ని బోర్లా తిప్పి పెట్టింది.
"అది ఎప్పుడైనా వెళ్ళిందా?"

భోజనాల గుడ్డ పరిచి దాని మీద దారి వేసింది.
గుంత్ నదికి ఓ వంకర ఉన్నిదారం,
ఊళ్ళకి ఆప్రికాట్ గింజలు.
జెలొండీ వేడినీటి బుగ్గ
ఇందాక చాయ్ ఒలికిన చోటే కుదిరింది.
కోయ్‌తెజెక్ కనుమకి బోర్లించిన పియాలా.
ఆ పైన గుడ్డంతా ఖాళీ.
"ఇక్కడేం పెడదాం?" అన్నాను.
"ఏమీ పెట్టకు. అక్కడ ఉండేది అదే."

నేను లీటర్లు రాసుకుంటూంటే
అత్త మనుషుల్ని రాయించింది.
బుగ్గ దగ్గర స్నానాల గది చూసే దిల్‌సుజ్‌కి
ఎండు మల్బరీలు, రెండు దోసిళ్ళు.
వాళ్ళ అత్తగారికి వద్దు, పళ్ళు లేవు, పిండి చేసి ఇవ్వాలి.
అడవిగొర్రెల కొమ్ములు పేర్చిన గుడి లాంటి చోట
ఎంత ఆలస్యమైనా బండి ఆపి
రాయిని ముట్టి కళ్ళకద్దుకోవాలి.
కనుమ ఎక్కేటప్పుడు మాట్లాడకూడదు.
"ముఖ్యంగా నువ్వు."

ఆలిచూర్ గింజ దగ్గర ఆమె వేలు ఆగింది.

ఇరవై రెండు చలికాలాల కింద
షొద్మోన్ మామయ్య లారీ అక్కడే గడ్డకట్టింది.
తెరెస్కెన్ పుల్లలు ఏరి ట్యాంకు కింద మంట పెట్టాడు.
పుల్లలయిపోయాయి, లారీ కదల్లేదు.
జిపార్‌కుల్ అనే కిర్గిజ్ ఆవిడ
మూడు రాత్రులు ఇంట్లో ఉంచుకుంది.
ఆమె భాష ఈయనకు రాదు, ఈయన భాష ఆమెకు రాదు,
ఇద్దరికీ కలిపి పదకొండు రష్యన్ మాటలు.
నాలుగోనాడు
చాయ్ నిండిన కెటిల్ చేతిలో పెట్టి పంపింది.
తిరుగు ప్రయాణంలో ఇస్తానన్నాడట, పన్నెండో మాటగా.

తిరుగు ప్రయాణం వేరే దారిన అయింది.
మరుసటేడు లారీ అమ్మేశారు.
ఆ తర్వాత మామయ్యకి దారులన్నీ ఒకటే అయిపోయాయి.

ఇదుగో, పొయ్యి మీద మరుగుతున్నది ఆ కెటిలే.
నేను పుట్టినప్పట్నించీ
ఉప్పూ వెన్నా వేసుకుని తాగిన షీర్‌చాయ్ అంతా
అప్పుసొమ్ము.

"ఇలాగే ఇస్తామా, నల్లగా?" అంది అత్త.
పుల్లటి ఆప్రికాట్లు వేసి రెండు పూటలు మరిగించింది.
లోపల గార పెచ్చులు పెచ్చులుగా ఊడింది,
ఒక్కో పెచ్చూ ఒక్కో శీతాకాలమంత మందం.
కడిగి, తోమి, కిటికీలో పెడితే
దీపంలా ఉంది.

నీళ్ళు పోస్తే కారింది.
అడుగున ఆవగింజంత చిల్లు.
ఇన్నేళ్ళూ ఆ గారే దానికి మాటు.

అత్త ముందు తిట్టింది,
ఎవర్నో తెలియలేదు.
తర్వాత గుడ్డ అంచు నోటికడ్డం పెట్టుకుని
భుజాలు కదిలేలా నవ్వింది.

మా ఊళ్ళో మాట్లు వేసే ఖిమ్మత్
మాస్కో వెళ్ళి నాలుగేళ్ళు.
ముర్గాబ్ సంతలో, ఇనుప కంటైనర్ల వరసలో,
ఒకాయన ఉన్నాడని విన్నాం.
"కానీ ఆలిచూర్ ముందే వస్తుంది కదత్తా."
"వస్తే రానీ. ఆమె ఇంటి ముందు నుంచే పోదాం.
హారన్ కొట్టకు. అటు చూడకు.
మాటు వేయించుకుని వెనక్కొచ్చి, అప్పుడు తలుపు తడదాం,
అప్పుడే వచ్చినట్టు."

"ఆమె లేకపోతే?"

అత్త ఆలిచూర్ గింజని తీసి
పళ్ళ మధ్య పెట్టి కొరికింది.
చేదుదో తీపిదో చెప్పలేదు.
దాని చోట ఇంకో గింజ పెట్టింది.

నేను జాబితా మార్చాను.
పెట్రోలు ఇంకో నలభై లీటర్లు.
తగరం ముక్క, ఆయన దగ్గర లేకపోతే.
ముర్గాబ్‌లో కొందరి గడియారం గంట ముందుంటుందట,
అదీ రాశాను.

ఇంతలో చీకటి పడింది. చాయ్ వేళ.
"పక్కింటి నిగోరాని అడిగి
కెటిల్ తీసుకురా," అంది అత్త.
నేను గడప దాటకముందే మళ్ళీ పిలిచింది:

"పొద్దున్నే ఇచ్చేస్తామని చెప్పు.
కాదు, చెప్పకు.
పొద్దున్నే ఇచ్చెయ్."