ఇరవై రెండు తొడుగులు

ట్రామ్సోలో తొమ్మిదైనా చీకటే.
అద్దానికి ముక్కు ఆనించి ఎస్కిల్
వెళ్ళిపోతున్న కారు ఎర్రదీపాల కేసి ఏడుస్తాడు.
అవి మలుపు తిరగ్గానే ఆపేస్తాడు,
ఏదో పని గుర్తొచ్చినట్టు.

ఇక బయటికి తయారీ.
పదకొండు మంది, ఇరవై రెండు ఉన్ని తొడుగులు.
బొటనవేలు ఎప్పుడూ పక్కింట్లోకే దూరుతుంది.
"నేనే" అంటుంది ఐలిన్.
ఆ రెండక్షరాలకు పావుగంట.
చివరివాడి జిప్పు గడ్డం దాకా లాగేసరికి
మొదటివాడు కాళ్ళు ముడుచుకుని నా వైపు చూస్తాడు.
మళ్ళీ అన్నీ విప్పాలి.

తూరున్ గుమ్మంలో లెక్కపెడుతుంది. పది.
మళ్ళీ లెక్కపెడుతుంది. బల్ల కింద నుంచి పదకొండు.

ఇంత చేసి మంచులో ఉండేది కాసేపే.
సిగ్వె గుప్పెడు మంచు నోట్లో పెట్టుకుని
"వేడి" అంటాడు. ఎవరూ దిద్దరు.

ఇవాళ, అన్నాల వేళకి కాస్త ముందు,
రెండు నెలల తర్వాత
కొండ అంచున సూర్యుడు.
పెద్దవాళ్ళం ఇద్దరం మాట మరిచిపోయాం.
ఐలిన్ మాత్రం
గోడ మీద పడ్డ నారింజ మరకను గోకి చూసింది.
ఊడి రాలేదు.
చలేస్తోందనుకుందో ఏమో,
తన తొడుగు తీసి దానికి తొడగబోయింది.

సాయంత్రం వాళ్ళమ్మకి చెప్పాలి:
ఎడమచేతిది, నీలం రంగుది,
ఇంకా దొరకలేదని.