సీటు మీద దస్తీ

అచ్చంపేట బస్టాండు ఎదురుగ
మా ల్యాబు మెట్ల మీద
నిమ్మల ఈదమ్మ పొడపత్రి అమ్ముతది.
కట్ట పది రూపాలు.

"నమ్మకుంటె నములు" అంటది.
ముందుగాల తనే రెండాకులు నోట్లేసుకుంటది,
ఎన్కనే చిటికెడు చక్కెర.
"సూడుండ్రి, ఇసుక! ఉత్త ఇసుక!"
దేవరకొండ బస్సు కోసం నిలబడ్డ మంది నవ్వుతరు.

నేనూ నమిలిన ఓపారి.
నాలుక మీద తీపి కూసునే జాగలుంటయి, సన్నసన్నయి.
చక్కెర రాకముందే
ఆకుల ఉన్న పసరు కిటికీలకెల్లి చెయ్యి వెట్టి
సీటు మీద దస్తీ ఏస్తది,
శ్రీశైలం బస్సుల మనం ఏసినట్టే.
చక్కెర ఎక్కుతది, చూస్తది,
కమ్మి పట్టుకొని నిలబడి నిలబడి దిగిపోతది.
పేగులల్ల గూడ ఇట్లనే జాగ ఆపుతదంటరు.
ఎందరికి, ఎన్నాళ్లు, నాకు తెల్వదు.
నేను నెత్తురు తీసేదాన్ని, సూది మటుకే నాది.

తెలిసింది ఇంతే:
తిన్నది నెత్తుట్ల కలిసినప్పుడల్లా
ఇన్సులిన్ తాళంచెవుల గుత్తి ఆడించుకుంట వస్తది,
మిగిలిందంత గుమ్మిల పోయించి
మూతి పేడతోని అలుకుతది.
అది ఊళ్లె తిరిగినంతసేపు
గుమ్మి తెరిచెటోడు లేడు.
"ఇగ సాలు" అని కొవ్వే పైకి కబురంపుతది.
దినాం అదే కబురైతే
పైనున్నోడు వినుడు మానేస్తడు,
మా మేనేజరు నా లీవు చీటీ చూసినట్టు.

నా రిపోర్టు నేనే తీసుకున్న:
ఎనభై రెండు కిలోలు, పరగడుపు ఇన్సులిన్ ఇరవై ఆరు.

ఉప్పునుంతల పంతులమ్మ విమలాబాయి
గోలీలు బంద్ వెట్టి ఆకే నమిలి
నెల తిరిగేసరికి నాలుగొందల షుగరుతోని ఆటోల వచ్చింది.
ఈదమ్మను తిట్టిన.
ఈదమ్మ నన్ను తిట్టింది:
"గోలీ మానమని నేను జెప్పిన్నా?"

నిన్న ఈదమ్మకు కండ్లు తిరిగినయి.
రెక్క పట్టి లోపటికి తెచ్చి కూసోవెట్టిన.
దండకు రబ్బరు పట్టీ కడితె
రెండు చుట్లు తిరిగి ఇంకా మిగిలింది.
హిమోగ్లోబిన్ ఆరున్నర.
బరువు ముప్పై నాలుగు.
గుమ్మి అడుగుదాకా ఊడ్చి ఉన్నది,
తాళం ఎవరి కోసం?

"పొద్దుగాల ఏం తిన్నవే?"
"ఆకే. పదిమందికి సూపెట్టద్దా మరి."

చాయ్ తెప్పించిన, మూడు చెంచల చక్కెర ఏసి.
ఒక గుక్క తాగి మొఖం అదోలా వెట్టింది.
"చక్కెర మర్సినవ్ బిడ్డా."

నేనేం అన్లే.
ఇంకో చెంచ ఏసి
చానాసేపు తిప్పుకుంట కూసున్న.