నాలుగో గడి

నీలి టోపీ ఇచ్చారు, బండికి పెట్రోలు పోయించారు.
పని పెద్దదేం కాదు డిల్లేశూ,
మీ ఊరే కదా, ఇంటింటికీ తిరిగి
ఈ కాగితాలు నింపు, అన్నారు.

పేరు. భూమి. గ్యాసు బావికి సుముఖమా, కాదా.
నాలుగో గడికి తలకట్టు లేదు.
అక్కడేం రాయాలో నీకే తెలుస్తాది బావా, అని నవ్వాడు
మొన్ననే మన మాట నేర్చుకున్న పెద్దసారు.

తెలిసింది.
దాలమ్మ: వారానికి రెండు డయాలసిస్‌లు, పలాసకి ఆటో ఖర్చు.
జోగులు: అన్నతో గట్టు తగువు. అన్న వద్దంటే ఇతను ఔనంటాడు.
జీడితోట కుర్రాళ్లు: వాలీబాల్ నెట్టు చాలు.
కూర్మారావు మాస్టారు: లొంగరు. పాత కేసొకటుంది.

తంపర గట్టున టెంటులో
నలభై రోజులుగా కూర్చున్న ఆడవాళ్లు
నిన్నటికి పదకొండు మంది.
ఏ చాప ఎందుకు ఖాళీ అయిందో
వాళ్లకంటే నాకే బాగా తెలుసు.

మా ఇల్లు ఆఖర్న ఉంచుకున్నాను.
అమ్మ ఇంకా టెంటు నుంచి రాలేదు.
చోడి అంబలి మీద మూత.
కాగితం తిప్పితే
ఆ వరస ముందే నిండి ఉంది, నా రాత కాదు:
కొర్రాయి దమయంతి. ఎనభై సెంట్లు. సుముఖం కాదు.
నాలుగో గడిలో,
కొడుకు. పనిలో పెట్టుకున్నాం.

టోపీ తీసి చూరులో దోపాను.
అమ్మొచ్చి కాళ్లు కడుక్కుంటూ
ఏటిరా గుంటడా, అంబలి తాగలేదా, అంది.
బండిలో పెట్రోలుందేటి?
రేపు నలుగుర్ని కలెక్టరాఫీసుకి దింపాల.