తాకట్టు

నరీన్ బడి గ్రంథాలయం తలుపు మీద
తొమ్మిది నిబంధనలు, పాత టైపు మిషను అక్షరాల్లో.
మనిషికి రెండు పుస్తకాలు, పద్నాలుగు రోజులు.
బూట్ల మంచు బయటే దులపాలి.
ఆరోది చెరిగిపోయింది. ఏమిటని ఎవరూ అడగలేదు,
పాటిస్తూనే ఉన్నారనుకుంటుంది బూరుల్చా.

గొర్రెలతో ఎండాకాలమంతా కొండ మీదున్న ఎర్మెక్
నాలుగు నెలలు ఆలస్యంగా తెచ్చిన భూగోళశాస్త్రం
పొగ వాసన వేస్తోంది.
జరిమానా పద్దు తెరిచి
వాడి పేరు రాసి, అంకె దగ్గర ఆగి,
పొయ్యిలో ఇంకో బొగ్గుగడ్డ వేసి రమ్మంది.

పెన్సిలు అరువు కావాలంటే మాత్రం
ఒక చేతి తొడుగు తాకట్టు పెట్టాల్సిందే.
ఈ చలిలో ఒంటి తొడుగుతో
ఇల్లు చేరేవాళ్ళు లేరు కదా, అందుకు.
ఇరవై ఏళ్ళలో ఒక్క పెన్సిలూ పోలేదు

మొన్నటి ఫిబ్రవరి దాకా.
ఐజమాల్ వాళ్ళ నాన్నకి గనిలో పని దొరికి
మధ్యాహ్నం గంట కొట్టకముందే లారీ ఎక్కారట.
సొరుగులో ఎర్ర ఉన్ని తొడుగు,
బొటనవేలి దగ్గర వేరే రంగు దారంతో కుట్టు.

ఎనిమిదో నిబంధన: మూడు నెలలు దాటితే
ఎవరికైనా ఇచ్చేయొచ్చు.

జూన్‌లో తనిఖీ.
పుస్తకాలు వెయ్యిన్నూట నాలుగు.
పెన్సిళ్ళు పంతొమ్మిది.
ఎదురుగా ఉన్న గడిలో రాసింది:
ఇరవయ్యోది వాడకంలో ఉంది.